అక్క మంచం మీద నారింజ నీడ

1961 ఫిబ్రవరి 10, శుక్రవారం. పొద్దున ఎనిమిదింటిదాకా మంచు, తరువాత పలచని ఎండ. అప్పట్లో బెంగళూరులో ఫిబ్రవరి వచ్చినా కంబళ్లు మడిచేవాళ్లు కారు. ఇప్పటి ఉక్క వాళ్లకు తెలియదు. సరే. కబ్బన్‌పేటలో మగ్గాలు మొదలయ్యాయి. నేతగాడు ఓబళప్ప భార్య మునివెంకటమ్మ మాత్రం గుంటమగ్గంలోకి దిగీ దిగకముందే లేచి పెరట్లోకి పరిగెత్తింది.

పెద్దపేగుకు వాపు. నాలుగేళ్లుగా విరేచనాల్లో రక్తం, జిగట. ఆమెను పెంచిన అక్క శాంతమ్మ అత్తిబెలె ఊళ్లో చూపు పోయి మంచం పట్టింది. అక్క పక్కన ఒక్క పూట కూర్చోవాలని మునివెంకటమ్మ ప్రాణం కొట్టుకునేది. కానీ అడిగినచోట ఆపని బస్సులో ఎట్లా పోవడం?

ఆ రోజు ఆసుపత్రి డాక్టరు సల్ఫాసలజీన్ అనే నారింజరంగు మాత్రలు రాసిచ్చాడు. "మూత్రానికి రంగు వస్తుంది, భయపడొద్దు" అన్నాడు. మూత్రంతోపాటు నీడకూ వచ్చింది. పక్కింటి చౌడమ్మ ఆ నీడలో అప్పడాలు ఆరబెట్టుకుని, భలే రంగొచ్చాయని మెచ్చుకుంది.

నెల తిరిగేసరికి రక్తం ఆగింది. ఇక బస్సెక్కవచ్చు అనుకుంటుండగా నీడ నల్లబడింది, రక్తం మళ్లీ మొదలైంది. వేళకు మాత్రలిచ్చేది అత్త కెంపమ్మ.

"మాత్రలు మారినాయా అత్తా?"

"అవే తల్లీ. నీ చీరలకంతా రంగు దిగుతా ఉండాది కదా! నీళ్లలో నానేసి, రంగు పోయేదాకా వంచేసి ఇస్తా ఉండాను. కొత్త నూలుకైనా అంతే కదా?"

ఓబళప్ప నెత్తి కొట్టుకున్నాడు. "మందంతా మురుగుమోరీలో పోస్తివి కదమ్మా!"

"మోరీకి ఇంక కడుపునొప్పి రాదులేప్పా" అంది గోడవతల నుంచి చౌడమ్మ.

ఆ తరువాత మాత్రలు ఎవరూ కడగలేదు. మామిడిపళ్లు వచ్చేనాటికి నీడ మళ్లీ పండింది. మునివెంకటమ్మ అత్తిబెలె బస్సెక్కింది.

శాంతమ్మ గంజి కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెల్లెలు గుమ్మంలో నిలబడగానే నీడ మంచం మీద పడింది. చూపులేని కళ్లు ఇటు తిరిగాయి.

"ఎవరే, నారింజపండు మాదిరి?"

"నేనే అక్కా, మునివెంకటిని."

"ఇంత ఆలస్యమా పాపా?"

"బస్సెక్కే కడుపు కాదు కదక్కా నాది."

సాయంత్రం దాకా కూర్చుని లేచింది. నీడ లేవలేదు. దుప్పటిలా అక్కను కప్పే ఉంది.

"పోతా ఉండావా?"

"నేను పోతా ఉండాను. అది ఉంటాది."

శాంతమ్మ గంజి అడిగింది. ఇంకో నాలుగేళ్లు బతికింది.

ఆమె పోయాక ఇల్లు ఆమె మరిది మారప్పకు, ఆవు మారప్ప కూతురికి వచ్చాయి. మునివెంకటమ్మకు ఏమీ రాలేదు. నీడ కూడా అక్కతోనే మట్టిలోకి వెళ్లింది. ఆమె దాన్ని వెనక్కి అడగలేదు.