తేదీ ముట్టొద్దు

సాయంత్రం నాలుగూ ఇరవై. దవాఖానాలో నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి మరియాకు ఇంకా నలభై నిమిషాలే మిగిలాయి. వచ్చే ఏడాదికి ఆమె వయసు పరిమితి దాటిపోతుంది. నాచారంలోని బిక్షపతి డీటీపీ సెంటర్లో కంప్యూటర్ తెర మీద మాత్రం ఎర్ర త్రికోణం తిష్ఠ వేసింది: 'మీ కనెక్షన్ సురక్షితం కాదు'.

"సైటే ఖరాబున్నదక్కా. రేపు రాండ్రి," అన్నాడు బిక్షపతి.

"రేపేడిదన్నా? ఐదుకు బంద్!" అంది మరియా.

పక్కనున్న ఆడబిడ్డ హన్నా కుర్చీ లాక్కుంది. ఉప్పల్‌లో ఒక కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో ఆరేళ్లుగా ఆమెకు పొద్దు గడిచేది ఈ త్రికోణాలతోనే.

"ఫికర్ జెయ్యకు వదినా. జర జరుగు, నేను జూస్త."

"అడ్వాన్స్‌డ్ అని ఉంటది సూడు. ఒత్తి లోపలికి పో," బిక్షపతి సలహా ఇచ్చాడు.

"దొంగ సైటైతే? మా వదిన ఆధారు, పాస్‌వర్డు వాళ్ల చేతుల వెట్టాల్నా?"

హన్నా తన ఫోన్‌లో అదే సైటు కొట్టింది. టక్కున వచ్చింది. అంటే సైటుకేం రోగం లేదు. కానీ ఫోన్‌లో ఫొటో, సంతకం ఎక్కించే చోటు రావడం లేదు. కంప్యూటర్లో ఒక బ్యాంకు సైటు తెరిచింది. అక్కడా త్రికోణమే. జబ్బు ఈ కంప్యూటర్‌దే. వివరాలు నొక్కితే, 'సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు' అని ఉంది.

ఆమె చూపు తెర కింది మూలకు పోయింది. గంట, నిమిషం సరిగ్గానే ఉన్నాయి. అందుకే పక్కనున్న తేదీని ఎవరూ పట్టించుకోలేదు.

"అన్నా, ఇప్పుడు ఏ నెల?"

"అక్టోబర్."

"నీ కంప్యూటర్ల జూలై నడుస్తున్నది. సైటు అసలుదే అని జెప్పే సర్టిఫికెట్ ఇచ్చింది సెప్టెంబర్ల. దీని లెక్కల అది ఇంకా పుట్టనే లేదు."

ఆమె చెయ్యి మౌస్ మీద పడిందో లేదో, బిక్షపతి కౌంటర్ దాటి వచ్చాడు.

"తేదీ ముట్టొద్దు!"

"ఎందుకు?"

అతను గొంతు తగ్గించాడు. "పెండ్లి కార్డుల సాఫ్ట్‌వేర్ ముప్పై దినాలే ఫ్రీ. ఎప్పుడో అయిపోయింది. తేదీ ఎన్కకు తిప్పితే నడుస్తదని దోస్తు జెప్తే, ఇయ్యాల పొద్దుగాల తిప్పిన. సక్కగ జేస్తే లాకైతది. చెంగిచెర్లోళ్ల కార్డు అండ్లనే ఉన్నది."

నాలుగూ ముప్పై ఒకటి.

"కార్డు పీడీఎఫ్ జేసుకో. ఐదు నిమిషాలిస్తున్న. ఆ తర్వాత తిప్పేది నేనే."

"సాఫ్ట్‌వేరో?"

"కొనుక్కో. ఫ్రీగ ఎందరి పెండ్లిండ్లు జేస్తవ్?"

బిక్షపతి నవ్వలేక నవ్వి కార్డును పీడీఎఫ్‌గా సేవ్ చేసుకున్నాడు. హన్నా తేదీ సరిచేసి, బ్రౌజర్ మూసి మళ్లీ తెరిచింది. త్రికోణం మాయమైంది. మరియా వివరాలు చదువుతుంటే హన్నా వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. ఫొటో, సంతకం ఎక్కించి నాలుగూ యాభై మూడుకు సబ్మిట్ నొక్కింది.

తెర మీద చక్రం తిరిగింది.

దరఖాస్తు నంబరు వచ్చింది.

మరియా దాన్ని పైకి రెండుసార్లు చదివింది. బిక్షపతి పెళ్లి కార్డు ప్రింటుకు పెట్టబోయాడు.

"ఆగన్నా," అంది హన్నా. "ముందు మా వదిన రసీదు తియ్యి."