కుడిచేతి సంతకం

నాది నోటి దురుసని మా ఇంట్లో అందరూ అంటారు. అందుకే లాయర్ల మీద ఫిర్యాదులు వినే కమిటీకి వెళ్ళేటప్పుడు తమ్ముడు బతిమాలాడు. "అక్కా, నీకు దణ్ణం పెడతా, నువ్వు మాట్లాడకు. వాళ్ళడిగితే నేను చెప్తాను."

సరేనని నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఎదురుగా ముగ్గురు పెద్ద లాయర్లు, పక్కన మా ప్లీడరు. ఆయన వేసుకున్న నల్లకోటు మా షాపులో నేను ఇస్త్రీ చేసిందే. తమ్ముడి కేసు చూస్తున్నాడు కదా అని మూడేళ్ళు ఆయన బట్టలకి పైసా తీసుకోలేదు, నా బుద్ధి గడ్డి తిని.

తమ్ముడు వడ్రంగి. రంపం మిషన్లో పడి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఈ ప్లీడరే వాదించి యజమాని చేత నష్టపరిహారం కట్టించాడు, కాదనను. ఆ డబ్బుతో మంచి పట్టున్న కృత్రిమ చెయ్యి పెట్టించుకుంటే మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చని డాక్టరు చెప్పాడు. డబ్బు ప్లీడరు ఖాతాలో పడి ఏడాదైంది. అడిగితే రేపు, ఎల్లుండి. ఆఖరికి ఓ బిల్లు పంపాడు. "మా డబ్బు ఎప్పుడిస్తారండీ" అని మేం చేసిన ప్రతి ఫోనుకీ అందులో సలహా ఫీజు వేశాడు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఫీజు పోగా మిగిలింది పైసాతో సహా ఇచ్చేశానండీ," అన్నాడు ప్లీడరు, చల్లగా. "ఇదిగో రసీదు. సంతకం ఈయన పాత సంతకాలతో పోల్చి చూడండి."

కమిటీ అధ్యక్షుడు పోల్చి చూశాడు. అచ్చు గుద్దినట్టుంది. తర్వాత ఫైలు తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"రసీదు ఎనిమిది నెలల కిందటిది. చెయ్యి పోయి మూడేళ్ళు దాటింది. 'ఇతను జన్మలో ఇక కుడిచేత్తో కలం పట్టలేడు' అని దావాలో రాసింది మీరేగా?"

ఆ మాటతోనే కేసు గెలిచాడు మహానుభావుడు. రాసిన మాట రాసినాయనకే గుర్తులేదు.

"ఎడమచేత్తో నేర్చుకున్నాడేమోనండీ," అని నసిగాడు.

తమ్ముణ్ణి సంతకం చెయ్యమన్నారు. వాడు ఎడమచేత్తో పెన్ను పట్టుకుని మొదటి అక్షరం గీసేసరికి కాగితం జారిపోయింది. అదిమి పట్టుకోడానికి రెండో చెయ్యి ఉండాలి కదా. ఇక నా వల్ల కాలేదు, లేచి నిలబడ్డాను.

"వాడి చెయ్యి ఒకసారి మిషను తినేసింది. రెండోసారి నువ్వు తిన్నావు. దానికి తెలియదు, నీకు తెలుసు. మనిషి పుటక పుట్టావా నువ్వు?" అన్నాను. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. తమ్ముడు కూడా.

ఐదేళ్ళ పాటు ప్లీడరు వృత్తి చెయ్యకూడదని తీర్పు చెప్పారు.

"మరి మా డబ్బో?" అన్నాను.

"అది ఇప్పించే అధికారం మాకు లేదమ్మా. కోర్టులో వేరే దావా వేసుకోవాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చెప్పలేం."

అప్పుడు తమ్ముడు లేచాడు. "ఐదేళ్ళయ్యాక ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చన్నమాట. మరి నేనెప్పుడు వెళ్ళేదండీ?"

అధ్యక్షుడు మా ఫైలు మూసి, తర్వాతి కేసు పిలవమన్నాడు.