తాళంచెవి కట్టిన దారం

“మీరు గీసిన ఆడవాళ్ళలో ఒక్కరు కూడా నిటారుగా నిలబడలేదు” అని రాసింది హెలెన్.

శనివారం మధ్యాహ్నం ప్రెస్సులో అందరూ భోజనాలకి పోయాక, కంప్యూటర్ ముందు టిఫిన్ డబ్బా తెరిచి పెట్టుకుని ఆ మెయిల్ చదివాను. పెరుగన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. మళ్ళీ చదివాను. ఇంగ్లీషు నాకు సరిగా అర్థం కాలేదేమోనని ఆశపడ్డాను. బాగానే అర్థమైంది.

వాషర్‌మెన్‌పేట్‌లో పరంధామయ్యగారి పెళ్ళిపత్రికల ప్రెస్సు మాది. మాది అంటున్నానుగాని నాది అందులో ఒక కుర్చీ. తెలుగు, తమిళం, ఇంగ్లీషు పత్రికలు కంపోజ్ చేస్తాను. అందుకు జీతం ఇస్తారు. కాఫీ కలపడానికీ, గ్లాసులు కడగడానికీ, వచ్చిన పెళ్ళివారికి తాంబూలం పళ్ళెం సర్దడానికీ ఇవ్వరు. “ఆడమనిషి ఉండే ఆఫీసులో కాఫీకి బయటికి పోతామా?” అని నవ్వుతాడు పరంధామయ్యగారు. విదేశీ కార్డుల డిజైన్లు చూడాలని పోయిన ఏడాది ఇంటర్నెట్ పెట్టించాడు. దాన్ని ఎలా తెరవాలో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. అందుకే భోజనాల వేళ అది నాదవుతుంది.

చెడిపోయిన పత్రికల షీట్ల వెనకవైపు నేను మనుషుల బొమ్మలు గీస్తాను. ప్రెస్సులో స్కానర్ ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో, నాలాగే మనిషి బొమ్మ సాధన చేసేవాళ్ళు, ఒకరి బొమ్మలు ఒకరికి మెయిల్లో పంపుకుని మంచిచెడ్డలు చెప్పుకునే గుంపు ఒకటి దొరికింది. ఆ గుంపుకి ఒక నియమం ఉంది. ముందు బాగున్నదేదో చెప్పాలి, ఆ తర్వాతే తప్పు చెప్పాలి. అది చదివినప్పుడు పకపకా నవ్వాను. ఆ నియమం మా ఇంట్లో పెడితే అందరూ మూగవాళ్ళయిపోతారు.

హెలెన్ చిత్రకళ నేర్పించి రిటైరైన టీచరు. ఎక్కడో చలిదేశం. నియమం ప్రకారం ముందు మెచ్చుకుంది. ముఖాల్లో ప్రాణముందట, చేతులు అద్భుతమట. ఆ తర్వాత చెప్పింది. మనిషి బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడితే తుంటి పక్కకి వస్తుంది. కానీ మీ ఆడవాళ్ళు రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడి ఉన్నారు. అయినా ఎడమ తుంటి బయటికి పొడుచుకొస్తోంది, కుడి భుజం కిందికి జారుతోంది. ఒకసారైతే పొరపాటు అనుకుంటాను. ప్రతి బొమ్మలోనూ అదే. మీ చెయ్యి ఒక తప్పుని బాగా నేర్చేసుకుంది, ఇప్పుడు దాన్ని మరిపించాలి. ఒక దారానికి బరువు కట్టి గుమ్మానికి వేలాడదీయండి. దాని వెనక ఎవరినైనా నిలబెట్టి గీయండి. సమంగా నిలబడిన మనిషి గొంతు గుంట సూటిగా రెండు మడమల మధ్యకి దిగుతుంది. మీరు అనుకున్నది కాదు, ఎదురుగా ఉన్నది చూసి గీయండి.

ఆ చివరి మాట నన్ను కోసేసింది. ఎందుకంటే నాకున్నదల్లా చూపొక్కటే. గీత కుదరకపోవచ్చు, రంగులు కొనలేకపోవచ్చు, కానీ చూసింది చూసినట్టు పట్టుకోగలనని లోలోపల గర్వం ఉండేది. పైగా ఈ వంకర మాట మా ఆయన కోదండరాం ఇంతకుముందే అన్నాడు. ఆయన మణలి కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఆపరేటరు. ఒకరోజు నా షీట్లు తిరగేసి, “ఏందే ఇది, ఆడాళ్ళందురూ వంకరగా ఉండారు? కోలం, ముగ్గు వేసుకోరాదా, ఎవురొద్దన్న్యారు? నీకెందుకు ఈ మనుషులు?” అన్నాడు. ఆయనకేం తెలుసులే అని ఆ రోజు సరిపెట్టుకున్నాను. ఇప్పుడు తెలిసినావిడ కూడా అదే అంటోంది. అంటే ఆయన మాటే నిజమన్నమాట. బస్సులో తొండియార్‌పేట దాకా కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ వచ్చాను.

ఆదివారం పొద్దున వంట కాగానే హాలుకీ వంటింటికీ మధ్య గుమ్మానికి మేకు కొట్టి దారం కట్టాను. బరువుకి బీరువా తాళంచెవి.

“ఏమే లలితాంబా, గుమ్మానికి తాళంచెవి? దిష్టికా?” అని మా అత్త పంకజం మంచం మీంచి అడిగింది.

“బొమ్మకి అత్తా.”

“సరిపోయింది పో” అని ఆవిడ కందులు ఏరుకోవడంలో పడింది.

శరణ్యని పిలిచి దారం వెనక నిలబెట్టాను. ఏడో క్లాసు చదువుతోంది మా అమ్మాయి. చిన్నపిల్ల, లేత ఒళ్ళు, దీన్ని చూసి గీస్తే నా చేతికున్న రోగం వదులుతుందనుకున్నాను. పాత స్కూలు స్కర్టులో చేతులు కిందికి వదిలి నిలబడింది. నేను పెన్సిల్ ఎత్తి, ఒక కన్ను మూసి కొలిచాను.

గొంతు గుంట దారానికి ఈ పక్కన ఉంది. ఎడమ తుంటి దారానికి ఆ పక్కన, చాలా పక్కన ఉంది.

“సరిగా నిలబడవే.”

“సరిగానే ఉండా కదమా.”

“రెండు కాళ్ళూ ఆనించు.”

“ఆనించే ఉండా. చూడు.”

చూశాను. రెండు పాదాలూ నేలకి అతుక్కుని ఉన్నాయి. మోకాళ్ళు రెండూ చక్కగా ఉన్నాయి. ఆ పైన మాత్రం నా బొమ్మ ఉంది. గుంపుకి పంపిన ప్రతి షీటు మీదా నేను గీసిన ఆ తప్పు, ఎముకలతో, చర్మంతో, నా కూతురి స్కర్టు వేసుకుని నిలబడి ఉంది. లేచి వెళ్ళి దాని తుంటిని రెండు చేతులతో లోపలికి నెట్టాను, భుజం పైకెత్తాను, తాళంచెవి దాని మడమల మధ్యకి వచ్చేలా నిలబెట్టాను.

“అమ్మా, వదులుమా” అంది కంగారుగా. “ఇట్ల వంకరగా ఉంటే నేను పడిపోతా.”

నిటారుగా నిలబెడితే దానికి వంకరగా ఉందట. చేతులు తీసేశాను. అమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి, అది మళ్ళీ తన వంకరలోకి వెళ్ళిపోయింది.

నాలుగో క్లాసులో ఉన్నప్పుడు మా అత్త దానికి నారింజరంగు బుల్లి బిందె కొనిపెట్టింది. నీళ్ళ లారీ దగ్గర నా వెనకాలే అది కూడా బిందె చంకనెత్తుకుని, ఇంకో చేత్తో చిన్న బకెట్టు పట్టుకుని నడిచొస్తుంటే వీధంతా ముద్దు చేసింది. ఏడాది తిరక్కుండా బుల్లి బిందె పోయి పెద్ద బిందె వచ్చింది. ఎడమ చంకన బిందె, కుడిచేతిలో బకెట్టు. వీధి మలుపు నుంచి మేడ మెట్ల దాకా, మెట్లెక్కి డ్రమ్ము దాకా, డ్రమ్ము నిండేదాకా.

నేను వెళ్ళి దారం వెనక నిలబడ్డాను. ఎదురుగా బీరువా అద్దం. అందులో నా మెడ కింద గుంటని వెతుక్కున్నాను. చూడటానికి ధైర్యం చాలలేదు, అయినా చూశాను. తాళంచెవి ఒక దారి, నేను ఒక దారి. నా కుడి భుజం మీంచి జాకెట్టు ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. “ఒక జాకెట్టు సరిగా వేసుకునేది రాదా నీకు?” అని పెళ్ళిళ్ళలో అందరి ముందూ మా ఆయన గొణుగుతాడు. “ఏమ్మా, కొంచెం చూసుకోమ్మా, కస్టమర్లు వస్తా ఉంటారు” అని పరంధామయ్యగారు ఎటో చూస్తూ అంటాడు. ఇన్నేళ్ళూ నాకు ఒద్దిక లేదనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. టైలర్లని మార్చాను. పిన్నీసులు పెట్టుకున్నాను.

మా అత్తకి సరదా పుట్టింది. “నన్నూ చూడవే” అంటూ కందుల చేట పక్కన పెట్టి వచ్చి నిలబడింది. శరణ్య ఫక్కున నవ్వింది. ఆవిడ గొంతు గుంట మాకన్నా చాలా పక్కకి పోయింది. ముగ్గురం ఒకే వైపుకి. ఒకే రక్తం కాదు నాదీ ఆవిడదీ. కానీ మమ్మల్ని పక్కపక్కన నిలబెడితే ఎవరైనా తల్లీకూతుళ్ళనే అంటారు.

“బిందంటే నాది, ఇత్తడి కుడం. ఆడ కార్పొరేషన్ పంపు కాడ్నించి మోసేది” అంది మా అత్త గొప్పగా. “నీది ప్లాస్టిక్కు. నువ్వు అదృష్టవంతురాలివి.”

హెలెన్‌కి ఏం రాయాలో అక్కడే అనుకున్నాను. మీరు చెప్పినట్టే దారం కట్టాను. తప్పు దొరికింది. అది నా బొమ్మలో లేదు. నా చెయ్యి ఏ తప్పూ నేర్చుకోలేదు, చూసింది చూసినట్టే గీసింది. సంతోషించాల్సిన మాట అది. నా చూపు నాకు తిరిగి వచ్చింది. కానీ కళ్ళు మళ్ళీ శరణ్య తుంటి మీదికే పోయాయి.

అంతలో మా ఆయన స్నానం చేసి, బనీనూ లుంగీతో తల దువ్వుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “కాఫీ ఏమాయ?”

తాళంచెవి దారం ఆయన గొంతు గుంట ముందు నుంచి, బొడ్డు మీదుగా, సూటిగా రెండు మడమల మధ్యకి దిగింది. రెండు భుజాలూ గోడకి కొట్టిన అలమారలా సమంగా ఉన్నాయి. నలభై దాటిన మనిషి.

“నా బిడ్డని చూడు, కొలిచి చేసినట్ట ఉండాడు” అని మళ్ళీ మంచం మీద కూర్చుంటూ మురిసిపోయింది మా అత్త.

లారీ దగ్గరకి ఒక్కసారైనా రమ్మంటే, “ఆడాళ్ళ మధ్యలో నేను కుడం పట్టుకోని నిలబడితే నలుగురూ నవ్వరా?” అన్న మనిషి ఆయన. పెళ్ళైన కొత్తలో ఆ మాట నాకు సబబుగానే తోచింది.

“ఏంది కథ?” అన్నాడు దారాన్ని వేలితో ఊపి. చెప్పాను. శరణ్యని చూపించాను. దాన్ని నిటారుగా నిలబెడితే పడిపోతానందని చెప్పాను. ఆయన ఉలిక్కిపడతాడనీ, బిడ్డ దగ్గరికి పోయి దాని వీపు తడిమి చూస్తాడనీ అనుకున్నాను.

ఆయన నవ్వాడు. “ఇది ఇప్పుడు కనుక్కున్న్యావా? పెండ్లైన రెండో ఏడాదే నీ నడుము వంగిపోయింది. నేను చూడలేదా? పాపది కూడా పోయిన ఏడాదే చూసినా.”

“చూసినారా?” అన్నాను. “మరి చెప్పలేదే?”

“చెప్తే?” అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా, దువ్వెన లుంగీ మడతలో దోపుకుంటూ. “చెప్తే మాత్రం నీళ్ళు తేకుండా ఉంటారా మీరు?”

ఆయన చూపులేని మనిషి, పాపం గమనించడు, మగవాళ్ళంతే అనుకుని బతికాను. గమనించాడు. నా చూపు కంటే ముందే ఆయన చూపు చూసింది. చూసి, లెక్క వేసుకుని, కాఫీ తాగాడు. నా ఒంటి వంకర కంటే ఆ సంగతి నన్ను ఎక్కువ భయపెట్టింది.

కింద వీధిలో హారన్ మోగింది. లారీ. మెట్ల మీద అడుగులు, ప్లాస్టిక్ బిందెల చప్పుడు, ఎదురింటి పచ్చయమ్మ కేక, “లలితా, వండి వచ్చిందీ, నీళ్ళ బండి!” ఎవరూ చెప్పకుండానే శరణ్య ఒళ్ళు కదిలింది. దాని కళ్ళు నా మీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం అప్పుడే బిందె వైపు పోయింది, ఎడమ తుంటి దాని కోసం ముందుగానే చోటు చేసుకుంది.

నేను కింద కూర్చున్నాను. షీటు ఒళ్ళో పెట్టుకుని పెన్సిల్ తీశాను.

“నువ్వు పోవద్దు. దారం వెనకాల నిలబడు.”

“అమ్మా, లారీ...”

“ఏమే, నీళ్ళు?” అన్నాడు మా ఆయన. మా అత్త మంచం మీంచి లేచి నిలబడింది. హారన్ ఇంకోసారి మోగింది. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

“కుడాలు ఆడనే ఉండాయి” అన్నాను ఆయనతో, తల ఎత్తకుండా. శరణ్య మెడ గీత సరిగ్గానే దిగింది. “కదలబాక శరణ్యా. ఇంకా గీస్తా ఉండా.”