మల్‌సూన్ వీపు

బల్ల మీద వెల్లకిలా ఉన్న చేపలమ్మే యంగ్‌చా తొడ మీద మల్‌సూన్ రెండు చరుపులు చరిచింది. తిరగమని సైగ అది. యంగ్‌చా పక్కకి ఒత్తిగిలింది. గరుకు తువ్వాలు తొడిగిన చేయి చంక నుంచి నడుము దాకా ఒకే ఊపున దిగితే, మట్టి నలుగు పిండిలా రాలింది.

"వారం రోజుల చేపలన్నీ నీ ఒంటి మీదే ఉన్నాయే," అంది మల్‌సూన్.

"నువ్వు రుద్దితే పొలుసు తీసినట్టే ఉంటుంది అక్కా. కాస్త తోలు మిగుల్చు."

బూసాన్ రేవు పక్క సందులోని ఆ ఉమ్మడి స్నానాలయంలో మల్‌సూన్ ఇరవై ఎనిమిదేళ్లుగా ఆడవాళ్ల ఒళ్లు రుద్దుతోంది. అరవై దాటిన పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం పడవ లాగేవాళ్లవి. ఈ పనిలో ఒంటి మీద నల్ల లోదుస్తులు తప్ప మరేమీ ఉండవు కాబట్టి, ఎడమ భుజం నుంచి నడుము దాకా ముడుచుకుపోయిన ఆమె వీపు పేటలో ఆడవాళ్లందరికీ తెలుసు. ఇరవై మూడో ఏట చెప్పుల కార్ఖానాలో జిగురుకి నిప్పంటుకుని కాలింది. తర్వాత పన్నెండేళ్లు వంటింటి తలుపుకి గడియ వేసుకుని, గంగాళం ముందు కూర్చుని నీళ్లు పోసుకుంది. మొగుడు సముద్రంలో పోయాక దొరికింది ఈ పనే. మొదటి రోజు ఒకామె ఆ వీపు చూసి బల్ల దిగి వెళ్లిపోయింది. రెండో రోజు పదకొండు మంది వచ్చారు. సిగ్గుపడటానికి తీరిక చిక్కలేదు.

మూడు వారాలుగా నారే అనే అమ్మాయి వస్తోంది. హోటల్ వంటగదిలో మరిగే నూనె వీపున పడిందని వాళ్లమ్మ చెప్పింది. టికెట్ తీసుకుంటుంది, బట్టలు మార్చుకునే గదిలో అరగంట కూర్చుంటుంది, గుండీ అయినా విప్పకుండా వెళ్లిపోతుంది. రేపు డేగు నగరంలో కొత్త ఉద్యోగానికి వెళ్తోంది. ఇవాళ కూడా ఇలాగే వెళ్లిపోతే, ఈ పిల్ల కూడా తనలాగే ఏళ్లకేళ్లు గడియ వేసుకుంటుందని మల్‌సూన్ భయం.

అందుకే గొట్టం పగిలిందని అబద్ధమాడి, సగం రుద్దిన యంగ్‌చాతో సహా అందరినీ బయటి గదిలోకి తోలి, తలుపు మూసి, బట్టలు మార్చుకునే గదిలో కూర్చున్న నారే దగ్గరికి వెళ్లింది.

"రా తల్లీ. లోపల పురుగు కూడా లేదు. ఎవరూ చూడరు."

నారే తలెత్తింది. "నా కోసం అందర్నీ పంపేశారా పిన్నీ? అంత చూడకూడనిదా?"

మల్‌సూన్‌కి చెంప పగిలినట్టయింది. మేలు చేయబోయి, తన చేత్తోనే ఆ పిల్లకి గడియ పెట్టింది. వెంటనే బయటి గది తలుపు తీసి, "గొట్టం బాగయింది, రండి," అని కేకేసింది.

"ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లగా కూర్చోబెట్టావు. నీకు పుణ్యముంటుంది," అని సణుగుతూ యంగ్‌చా వేడినీళ్ల తొట్టిలో దిగింది.

మల్‌సూన్ అందరి నడుమా పీట వేసుకుని, నారే ఉన్న గది గుమ్మం వైపు వీపు తిప్పి కూర్చుంది. "నారే, నా వీపు నాకందదు. కాస్త రుద్దిపెట్టు. తర్వాత నీది నేను రుద్దుతా."

స్నానాలయంలో ముక్కూ మొహం తెలియనివాళ్లు అడిగినా ఈ మాట కాదనకూడదు. మల్‌సూన్ వెనక్కి తిరగలేదు. చాలాసేపు నీళ్ల చప్పుడే. ఆ తర్వాత తడి నేల మీద ఉత్త పాదాల అడుగులు వినిపించాయి. వీపు మీద ఒక చేయి ఆనింది.

"నొప్పి పుడుతుందా పిన్నీ?"

"మచ్చ మీద తువ్వాలు వద్దు. వేణ్ణీళ్లు పోసి అరచేత్తో తిప్పు. అది ఎన్నేళ్లయినా పసితోలే."

"ఏయ్ పిల్లా," అంది తొట్టిలోంచి యంగ్‌చా, "అయ్యాక నా నల్ల పక్క కూడా చూడు. ఈ అక్క చేతికి దయ లేదు."

నారే నవ్వింది. ఇన్నేళ్లలో మల్‌సూన్ వీపు ఎవరూ రుద్దలేదు. రుద్దమని అడగాలని ఆమెకీ తోచలేదు. ఆ చేయి హాయిగా ఉంది. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. స్నానాలయంలో ఏడిస్తే అదొక సుఖం, ఎవరూ కనిపెట్టరు.

"ఇటు తిరుగు తల్లీ. ఇక నా వంతు."

మర్నాడు పొద్దున్నే నారే డేగు రైలెక్కింది. మల్‌సూన్ ఎప్పటిలా నేల కడిగి, గోడ వారనున్న అర తుడవబోయింది. అక్కడ స్నానం సామాన్ల బుట్టలు వదిలివెళ్లేది మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లే. వాటి చివర నారే పేరు రాసిన కొత్త పసుపు బుట్ట, అందులో ఒక దువ్వెన, ఇంకా తడి ఆరని సబ్బు.