టైనీ అంటే ఎంత?

చంద్రవ్వ చేటలో బియ్యం ఏరుతున్నది. ఎదురుగా కూర్చున్న భర్త ఆత్మారాం ఇంగ్లీషు పాఠం వల్లిస్తున్నాడు. బోధన్‌లో కొత్తగా వెలసిన శక్కర్ ఫ్యాక్టరీలో అతను గుమాస్తా. పెద్దదొరతో ఇంగ్లీషులో మాట్లాడగలిగితే తరక్కీ వస్తుందని, జీతం పెరుగుతుందని ఆశ. అతని వెంట ప్రతి మాటనూ తిరిగి అనడం ఆమె పని. బియ్యం ఏరడం, పొయ్యి చూసుకోవడం, ఒళ్ళోని పసిదానికి పాలివ్వడం ఆ ఇంట పనుల కింద జమ కావు గనుక అవీ దానితో పాటే సాగుతాయి.

“టైనీ,” అన్నాడు. “చీమ టైనీ. ఇసుక రేణువు టైనీ. ఊఁ, అను.”

“టైనీ. మీ జీతాన్ని గూడ అనొచ్చునా?”

“నోరు మస్తు లేస్తున్నది నీకు!” అని నవ్వాడు. “చిన్నదానికంటే ఇంకా చిన్నదన్నట్టు. ఉన్నదా లేదా అన్నంత. ముద్దుగ గూడ అంటరు. దొరసాని కుక్కపిల్లను గట్లనే పిలుస్తది.”

బియ్యంలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

“మరి మన పెద్దపిల్లను అనొచ్చునా?”

“ఏ పెద్దపిల్ల?”

నిజంగానే తెలియక అడిగాడు. కోపంతో అని ఉంటే ఓర్చుకొనేది.

నిరుడు చెరుకు బండ్ల రోజుల్లో, నెలలు నిండకముందే పుట్టింది. నువ్వుగింజలంత గోళ్ళు. తెల్లవారేదాకా ఊపిరి తీసి, ఆ పైన మానేసింది. “పేరు గూడ వెట్టని దానికి ఏడుసుడేందే? లే, పొయ్యి ముట్టియ్యి,” అన్నది అత్త భీమవ్వ. లేచి ముట్టించింది. తాగే నోరు లేని పాలను పెరట్లో పిండి పారబోసుకొన్నది. నాటి నుంచి ఒక్కచోట కూర్చోలేదు. ఊడ్చిన వాకిలినే ఊడుస్తుంది, తోమిన గిన్నెనే తోముతుంది. కోడలికి నిలకడ లేదని అత్త ఇరుగుపొరుగుకు చెప్పుకొంటుంది. దొరసాని కుక్కపిల్లకు సైతం ముద్దుగా పిలిచే మాట ఒకటి ఉన్నది. తన బిడ్డను తాను ఏ భాషలోనూ పిలువలేదు. ఆ ఆలోచన రాత్రంతా ఆమెను ఇటూ అటూ పొర్లించింది.

మరునాడు చంటిదాన్ని తొట్టెలలో వేశారు. వచ్చిన అమ్మలక్కలతో భీమవ్వ, “మొదటి కాన్పు గదా, ఆడిపిల్లే అయింది, ఏం జేస్తం,” అంటున్నది. పిల్ల చెవిలో పేరు పిలువవలసింది మేనత్త. ఆత్మారాం చెల్లెలు పెంటవ్వ తొట్టెల మీదికి వంగి, “పేరు జెప్పు వదినె,” అన్నది.

“జర ఆగు,” అన్నది చంద్రవ్వ. “ముందుగాల పెద్దదాని పేరు పిలువాలె.”

అమ్మలక్కలు అందుకొన్న తొట్టెల పాట ఆగిపోయింది.

“పెద్దదెక్కడిదే? పానం మంచిగున్నదా నీకు?” అన్నది భీమవ్వ. గడప అవతల ఆత్మారాం తల వంచుకొన్నాడు. ఈసారి అతనికి తెలిసింది.

చంద్రవ్వ కింద కూర్చున్నది. కాళ్ళు చాపుకొని, ఎవరు లెమ్మన్నా లేవనంత నిదానంగా.

“పెద్దదాని పేరు ఈరవ్వ. పిలువు పెంటవ్వా, దాన్ని గూడ నువ్వే పిలువాలె. దానికి గూడ నువ్వు మేనత్తవే.”