పేదల పెన్నిధి నీడన

నేను ఒక ఫ్లెక్సీని. వార్డు నాయకుడు చింతాడ రఘుపతిగారి పుట్టినరోజుకని పావుగంటలో నన్ను అచ్చేసి పారేశారు. ఆయన బట్టతల మీద జుట్టు మొలిపించి, రంగు బాగా తేల్చి, కింద "పేదల పెన్నిధి" అని వేశారు. అభిమానులు నా ముందు ఫొటోలు దిగారు, కేకు ఒకరి ముఖానికొకరు పూసుకున్నారు, వెళ్లిపోయారు. నన్ను విప్పే నాథుడు లేడు.

విప్పింది పైడమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి వలసొచ్చి, చిత్తుకాగితాలు ఏరుకుని బతికే మనిషి. ఫుట్‌పాత్ మీద మూతపడ్డ గోదాం గోడే ఆమె ఇల్లు. నన్ను ఆ గోడకి వాలుగా కట్టి, నాయకుడి ముఖం లోపలికి తిప్పింది. "ముఖం పైకి తిప్పితే ఎండకి మాడిపోతాడు, పాపం," అంది. రోజూ లేవగానే ఆయన్నే తిట్టేది. అంత మనసు విప్పి ఆయనతో మాట్లాడినవాళ్లని నేను మళ్లీ చూడలేదు.

అదే గోడకి రెండో చివర దాలయ్య ఉండేవాడు. ఒకప్పుడు రిక్షా తొక్కాడు. గోడ నీడలో ఎవరి వాటా ఎంతని పోట్లాడుకుని, రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆ గోడ ఇద్దరిదీ కాదు మరి!

శ్రావణంలో ముసురు పట్టింది. దాలయ్యకి జ్వరం తగిలింది. వానలో ముడుచుకుని వణుకుతుంటే పైడమ్మ ఒక పూట ఊరుకుంది. రెండో పూటకి ఉండబట్టలేక, చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చి నా కింద పడుకోబెట్టింది.

"సచ్చిపోతే నీ పీనుగుని నానే మొయ్యాల. రా!"

ఇద్దరికి చోటు చాలలేదు. ఆమె యూరియా సంచి నెత్తిన కప్పుకుని బయట కూర్చుంది. దాలయ్యకేమో జ్వరంలో నాయకుణ్ణి చూసి బెదురు పట్టుకుంది. "ఆడెవడో నన్నే సూత్తన్నాడే పైడీ!" అని ఒకటే ఏడుపు. పాపం ఆమె తడుస్తూనే ముళ్లన్నీ విప్పి, నన్ను తిరగేసి కట్టింది. ముఖం వీధివైపు వచ్చింది.

మర్నాడు పైడమ్మ కాగితాలకి వెళ్లిన వేళ, ఫుట్‌పాత్ ఖాళీ చేయించే మున్సిపాలిటీవాళ్లు దిగారు. నా మీద చెయ్యి వేయబోయిన సూపర్‌వైజర్ రఘుపతిగారి ముఖం చూసి గతుక్కుమన్నాడు. నాయకుడి ముఖం చింపితే ఉద్యోగం ఉంటుందా? "ఇది పార్టీవాళ్లదా?" అని వీధులూడ్చే పోలమ్మని అడిగాడు. నా అంచు కింద దాలయ్య పాదాలు ఆమెకి కనబడుతూనే ఉన్నాయి.

"పార్టీ ఆఫీసే బాబూ. మనకెందుకు గొడవ?" అంది.

సూపర్‌వైజర్ తన మనుషుల్ని వెనక్కి పిలుచుకుని వెళ్లాడు. కాసేపటికి పోలమ్మ టీ, జ్వరం బిళ్లలు పట్టుకొచ్చింది. ఆ తర్వాత కూడా రోజూ తెచ్చింది.

నాలుగో రోజు దాలయ్య లేచాడు. జరిగిందంతా విని, బయటికి వచ్చి నాకు చేతులు జోడించాడు.

"ఈ బాబే నా పేణం నిలబెట్టినాడు. నా ఓటు ఈ బాబుకే!"

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కన తడిసి దగ్గుతున్న మనిషి వీడికి కనబడదా?

"ఓటుకి ఇంటి నంబరడుగుతారు. నీకెక్కడుందేటి?" అంది పైడమ్మ.

దాలయ్య చేతులు దించేశాడు. పైడమ్మ వైపు తిరిగాడు.

"పైడమ్మ పక్కిల్లని రాయిత్తాను."