సారు పేరు మీద పాఠం

కంబదూరు దగ్గర ఒక పల్లె బడిలో నేను విద్యా వలంటీరును. ఏడాదికోసారి కొత్తగా వేసుకునే పని అది. తీసెయ్యడానికి హెడ్మాస్టరు ఒక్క మాట చాలు. 2004లో ఆ హెడ్మాస్టరు దివాకర్ సారు.

"ఇన్‌స్పెక్షన్‌లో పిల్లోళ్లు నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడితే చాలు నాజ్‌నీన్, వచ్చే ఏడు గూడా నీ పేరే రాస్తా" అన్నాడు. నమ్మాను. నా అంత వెర్రిది ఇంకొకతి ఉండదు.

'హి' ఎక్కడ, 'హిం' ఎక్కడ అన్నది ఎంత చెప్పినా ఐదో తరగతి పిల్లల బుర్రకెక్కలేదు. చివరికి పలక మీద 'కాల్డ్' అని రాసి నేల మీద పెట్టాను. పిలిచినవాళ్లు పలకకు ఎడమ పక్క, ఎవరిని పిలిచారో వాళ్లు కుడి పక్క. సుంకమ్మ ఎడమ పక్క నిలబడితే 'షి', కుడి పక్కకు గెంతితే 'హర్'. వీరప్ప గెంతితే 'హి' పోయి 'హిం'. నేనూ కొంగు దోపుకుని గెంతాను: 'ఐ', 'మి'. చెనక్కాయలు పీకే రోజుల్లో సగం మంది బడికే రారు. అయినా రెండు నెలల్లో అందరికీ వచ్చేసింది.

ఇన్‌స్పెక్షన్ రోజు సారు నన్ను మధ్యాహ్న భోజనం వండే చోటికి పంపించాడు.

"బియ్యం కొలిపించు పో. ఈడ నేనుండా."

పొయ్యి కిటికీ పక్కనే. లోపలి మాటలన్నీ వినిపిస్తున్నాయి. పిల్లలు ఒక్క తప్పు లేకుండా చెప్పారు. ఆఫీసరుకు ముచ్చటేసి, ఇదంతా ఎవరు నేర్పారని అడిగాడు. సుంకమ్మ గొంతు వినిపించింది.

"సార్ టాట్ అస్."

ఒళ్లు మండిపోయింది. లోపలికెళ్లి నిలదీయాలనుకున్నాను, కానీ వచ్చే ఏడు నా పేరు రాయాల్సింది ఆయనే.

జీపు వెళ్లాక సుంకమ్మ తల దించుకుని నా దగ్గరికి వచ్చింది.

"నిన్న మీరు పోయినాంక సారు అట్లే చెప్పమన్యాడు మేడం. మీ పేరు చెప్తే తంతానన్యాడు."

ఆ పిల్లను ఏమంటాను? దగ్గరికి తీసుకున్నాను.

సాయంత్రం సారు పిలిచాడు. పక్క కుర్చీలో ఆయన తమ్ముడి కోడలు వనజాక్షి కూర్చుని ఉంది.

"వచ్చే ఏడు ఈ యమ్మను వేసుకుంటాండాం. ఏమనుకోవద్దు. పోయేలోపల ఆ పలక ఆట కొంచెం నేర్పించి పో."

వాళ్ల ముందు ఏడవదలచుకోలేదు.

"నాకేం తెల్సు సార్? నేర్పింది మీరు కదా. మీరే చెప్పండి."

పాపం వనజాక్షి, నిజమే అనుకుంది. నోటుబుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని, సారు మొహం వంక చూస్తూ కూర్చుంది.